బల్లలు చరచడానికి కాదు మిమ్మల్ని పంపింది

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి లోక్‌సభకు ఎన్నికైన 42 మంది సభ్యులకు, రాజ్యసభలో ఈ రెండు రాష్ట్రాల తరఫున కూర్చున్న 18 మంది సభ్యులకు

గౌరవనీయులైన పార్లమెంటు సభ్యులారా,

సరిహద్దులో తుపాకులు మోగుతున్నప్పుడు సభలో ప్రశ్నలు వేయకూడదన్నది మన రాజకీయాల్లో ఒక మర్యాదగా స్థిరపడిపోయింది. ఆ మర్యాదను నేను ఒప్పుకోలేను. ఈ లేఖ అందుకే.

2025 ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని కాల్చి చంపారు. దాని మీద లోక్‌సభలో చర్చ మొదలైంది జులై 28న. ఈ మధ్యలో ఏమేం జరిగిపోయాయో గుర్తుచేసుకోండి. 1965, 1971, 1999 యుద్ధాలను తట్టుకుని నిలిచిన సింధు జలాల ఒప్పందాన్ని పక్కన పెట్టారు. పాకిస్తాన్ వైపు తొమ్మిది చోట్ల దాడులు చేశారు. అటునుంచి డ్రోన్లు, క్షిపణులు వచ్చాయి. వైమానిక స్థావరాల మీద దెబ్బలు పడ్డాయి. కాల్పులు ఆగాయి. మన యుద్ధ విమానాలకూ నష్టం జరిగిందన్న సంగతి త్రివిధ దళాల అధిపతి సింగపూర్‌లో విదేశీ వార్తాసంస్థలతో మాట్లాడాక గానీ ఈ దేశానికి తెలియలేదు. ప్రత్యేక సమావేశం పెట్టమని 16 ప్రతిపక్ష పార్టీలు ప్రధానికి లేఖ రాస్తే పెట్టలేదు. అన్నీ అయిపోయాక ఒక్కో సభకు 16 గంటలు కేటాయించారు. మీలో కొందరు గట్టిగానే మాట్లాడారు, కాదనను. కానీ ఆ గంటల్లో తేల్చడానికి ఏం మిగిలింది?

నా ఉద్దేశాన్ని వక్రీకరించకుండా ముందే ఒక మాట. పహల్గాంలో చనిపోయినవాళ్లలో విశాఖవాసి ఉన్నాడు, కావలివాసి ఉన్నాడు. ఆ కోపం న్యాయమైనదే. హంతకులకూ, వాళ్లను పెంచి పోషించినవాళ్లకూ శిక్ష పడాల్సిందే. దెబ్బ తీశారన్నది కాదు నా పేచీ. ఆ దెబ్బకు వచ్చే జవాబు, ఆ జవాబుకు మన జవాబు ఎక్కడ ఆగాలో ఎవరు లెక్కవేశారు? ఆ లెక్క మీరెవరైనా చూశారా?

పెద్ద యుద్ధాలను ఎవరో ఒక దుర్మార్గుడు కోరి తెచ్చిపెడతాడని మనం నమ్ముతాం. హిట్లర్ విషయంలో అది నిజం. 1914లో జరిగింది వేరు. జూన్ 28న సరయేవోలో 19 ఏళ్ల కుర్రవాడు ఆస్ట్రియా యువరాజును కాల్చి చంపాడు. ఆ తరువాత నెల రోజుల పైచిలుకు ఐరోపా రాజధానుల మధ్య టెలిగ్రాములు తిరిగాయి. ఆ రోజుల చరిత్ర చదువుతుంటే నాకు రక్తదాహం కంటే ధీమా ఎక్కువ కనిపిస్తుంది. 1908లో బోస్నియా గొడవ వచ్చింది, రష్యా వెనక్కి తగ్గింది. 1911లో మొరాకో విషయంలో ఫ్రాన్స్, జర్మనీ మీసాలు మెలేసి చివరికి సర్దుకున్నాయి. 1912, 1913ల్లో బాల్కన్ దేశాలు రెండుసార్లు కొట్టుకున్నా పెద్ద రాజ్యాలు దిగలేదు. ఇన్నిసార్లు ఆగింది, ఈసారి ఆగకపోతుందా అనుకున్నారు. సెర్బియాను ఏం చేసినా మీ వెనక మేమున్నామని జులై 5న వియన్నాకు అభయమిచ్చి, జర్మనీ చక్రవర్తి మరునాడే ఓడెక్కి నార్వే విహారానికి వెళ్లిపోయాడు. 27న తిరిగివచ్చి, మరునాడు సెర్బియా పంపిన జవాబు చదివి, ఇక యుద్ధానికి కారణమే లేదని స్వయంగా రాశాడు. అదే రోజు ఆస్ట్రియా యుద్ధం ప్రకటించింది.

రష్యా చక్రవర్తి 29న పూర్తి సైనిక సమీకరణకు ఉత్తర్వు ఇచ్చి, ఆ రాత్రే జర్మనీ చక్రవర్తి తంతి చూసి వెనక్కి తీసుకున్నాడు. మరునాడు మధ్యాహ్నం విదేశాంగ మంత్రి మళ్లీ ఒప్పించాడు. రాజుగారు ఈసారి మనసు మార్చుకునే వీల్లేకుండా తన టెలిఫోన్ పగలగొట్టేస్తానన్నాడు సైనిక ప్రధానాధికారి యనుష్కేవిచ్. ఆగస్టు 1న జర్మనీ చక్రవర్తికి చివరిక్షణంలో ఆశ పుట్టి, సైన్యాన్ని ఫ్రాన్స్ మీదికి కాకుండా రష్యా వైపు తిప్పమన్నాడు. ఏడాది కష్టపడి తయారుచేసిన ఏర్పాటు, ఇప్పుడు మార్చితే సైన్యం గుంపుగా మిగులుతుందని ఆయన సైనిక ప్రధానాధికారి మోల్ట్కే చేతులెత్తేశాడు. ఆగాలనుకున్నవాళ్లు ఉన్నారు. ఆగే దారులు మాత్రం ఒక్కొక్కటే మూసుకుపోయాయి, ఎక్కువ భాగం తమ చేతులతోనే మూసుకున్నారు.

ఈ నెల రోజులూ మీలాంటివాళ్లు ఎక్కడున్నారు? ఆస్ట్రియా పార్లమెంటును మార్చిలోనే మూసిపెట్టారు. జర్మనీ సభ వేసవి సెలవుల్లో ఉంది. ఆగస్టు 4న పిలిచి యుద్ధానికి అప్పు తేవడానికి అనుమతి అడిగేసరికి, వాళ్ల సైన్యం బెల్జియంలో అడుగుపెట్టింది. అంతకు ముందురోజు సోషల్ డెమోక్రాట్ల లోపలి సమావేశంలో 14 మంది వద్దన్నారు. మరునాడు సభలో మాత్రం అందరూ ఒక్క గొంతుతో సరేనన్నారు. బ్రిటన్ కథ ఇంకా చిత్రం. ఫ్రాన్స్‌తో సైనిక సంప్రదింపుల గురించి 1912లో రాసుకున్న లేఖను విదేశాంగ మంత్రి ఎడ్వర్డ్ గ్రే 1914 ఆగస్టు 3న సభకు చదివి వినిపించాడు. ఫ్రాన్స్ తన నౌకాదళాన్ని మధ్యధరా సముద్రానికి తరలించి, ఉత్తర తీరాన్ని బ్రిటన్ మీద నమ్మకంతో వదిలేసిందని సభ్యులకు అప్పుడు గానీ బోధపడలేదు. హర్షధ్వానాలు చేశారు. ఒకప్పుడు మన దేశ వ్యవహారాలు చూసిన జాన్ మోర్లే మంత్రి పదవి వదిలేసి ఇంటికి వెళ్లిపోయాడు. ఫ్రాన్స్‌లో యుద్ధం ఆపాలని తిరుగుతున్న పార్లమెంటు సభ్యుడు జోరెస్‌ను జులై 31 రాత్రి పారిస్‌లో భోజనం చేస్తుండగా కాల్చి చంపారు. చట్టసభలు జులైలోనే నిలదీసి ఉంటే యుద్ధం ఆగిపోయేదని నేననను. నిలదీసే అవకాశమే లేకుండా చేశారని మాత్రం అంటాను. సభలకు దక్కింది చివరి అంకం: సంతకం పెట్టడం, చప్పట్లు కొట్టడం.

ఆ యుద్ధంలోకి మనల్ని దించింది బ్రిటిష్ పాలకులు. ఎవరినీ అడగలేదు. 74 వేల మందికి పైగా భారత సైనికులు చనిపోయారు. పాతికేళ్ల తరువాత, 1939 సెప్టెంబరు 3న వైస్రాయ్ లిన్‌లిత్‌గో కూడా అదే పని చేశాడు. ఈసారి మనవాళ్లు ఊరుకోలేదు. అక్టోబరు చివర మద్రాసులో రాజాజీ మంత్రివర్గం రాజీనామా చేసింది. అందులో టంగుటూరి ప్రకాశం పంతులు రెవెన్యూ మంత్రి. వి.వి.గిరి, బెజవాడ గోపాలరెడ్డి మంత్రులు. వాళ్లలో హిట్లర్ అభిమానులెవరూ లేరు. ప్రజాప్రతినిధులను ఒక్క మాట అడగకుండా దేశాన్ని యుద్ధంలోకి ఎలా దించుతారన్నదే వాళ్ల పార్టీ నిలదీసిన విషయం. మీరు శిలాఫలకాల మీద పూలు చల్లే ఆ పెద్దలు, సరిగ్గా ఈ ప్రశ్న మీద కుర్చీలు వదిలి వచ్చేశారు. మిమ్మల్ని కుర్చీ వదలమని ఎవరూ అడగడం లేదు. నోటీసు ఇమ్మంటున్నాం, అంతే.

ఇప్పుడున్నది ఎన్నికైన ప్రభుత్వం, వైస్రాయ్ కాదంటారు. నిజమే. యుద్ధానికి పార్లమెంటు ముందస్తు అనుమతి తీసుకోవాలని మన రాజ్యాంగంలో ఎక్కడా లేదు, అదీ నిజమే. కానీ ఆ రాజ్యాంగమే 75వ అధికరణలో మంత్రిమండలి లోక్‌సభకు ఉమ్మడిగా జవాబుదారీ అని చెప్పింది. జవాబు చెప్పాల్సినవాళ్లు ఒకరున్నారంటే, అడగాల్సినవాళ్లు కూడా ఉండాలి కదా? 1962లో చైనాతో యుద్ధం ఇంకా ముగియకముందే సభను ముందుకు జరిపి నవంబరు 8న సమావేశపరిచారు. పిలవమని అడిగినవాళ్లలో అటల్ బిహారీ వాజ్‌పేయి ఉన్నారు. అప్పటికి ఆయన వయసు నలభై కూడా నిండలేదు. రాజ్యసభలో ఆయన పార్టీ బలం వేళ్లమీద లెక్కపెట్టేంత. నెహ్రూ వినాల్సినవన్నీ సభలో కూర్చుని విన్నారు. ఓడిపోతున్న యుద్ధం మధ్యలో చేయగలిగిన పని, గెలిచామని చెప్పుకుంటున్న పోరు తరువాత ఎందుకు చేయలేకపోయాం?

సరిహద్దు మనకు దూరం, మన జనానికి ఇవి పట్టవు అని మీలో ఎవరైనా అనుకుంటే ఒకసారి విశాఖ వెళ్లి ముసలివాళ్లను అడగండి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. 1971 డిసెంబరులో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది విశాఖ రేవు ముంగిట్లోనే. ఇవాళ తూర్పు నౌకాదళ కేంద్రం అక్కడ ఉంది, అణు జలాంతర్గాములు కట్టేది అక్కడే. క్షిపణుల ప్రయోగశాలలు, అణు ఇంధన సముదాయం హైదరాబాద్‌లో ఉన్నాయి. పాకిస్తాన్ షహీన్-3 క్షిపణి 2,750 కిలోమీటర్లు పోగలదు. యుద్ధ పటంలో మన రెండు రాష్ట్రాలూ ప్రేక్షకుల గ్యాలరీలో లేవు.

ఇక అసలు విషయం. 1914 నాటి ధీమా గురించి చెప్పాను కదా, అది ఇప్పుడు ఎక్కడ పెరుగుతోందో చూడండి. 2016 సెప్టెంబరులో మన సైనికులు నియంత్రణ రేఖ దాటి కొద్ది దూరం వెళ్లి దెబ్బతీసి వచ్చారు. 2019 ఫిబ్రవరిలో విమానాలు కశ్మీర్ దాటి బాలాకోట్ దాకా వెళ్లాయి. మరునాడే అటునుంచి విమానాలు వచ్చాయి. మన పైలట్ పట్టుబడ్డాడు. ఆ గందరగోళంలో బుద్గాం దగ్గర మన క్షిపణే మన హెలికాప్టర్‌ను కూల్చింది. అందులో ఉన్న ఆరుగురు వాయుసేన సిబ్బంది, నేలమీద ఒక పౌరుడు చనిపోయారు. 2025 మే 7న దెబ్బ పాకిస్తాన్ పంజాబ్ నడిబొడ్డున మురీద్కే, బహావల్‌పూర్‌ల మీద పడింది. 10 తెల్లవారేసరికి రావల్పిండిలోని నూర్ ఖాన్ వైమానిక స్థావరం మీద పడింది. ప్రతి మెట్టూ మునుపటిదానికంటే ఎత్తు. ప్రతిసారీ ఆగింది. ఆగిన కొద్దీ ఏమీ కాదులే అన్న నమ్మకం రెండు వైపులా ముదిరింది. అక్కడ సైన్యాధిపతికి ఫీల్డ్ మార్షల్ హోదా కట్టబెట్టారు. ఇక్కడ ఊరేగింపులు తీశారు. ఇద్దరూ గెలిచామనుకుంటున్న పోరును మళ్లీ జరగకుండా ఎవరు ఆపుతారు? వచ్చేసారి మొదలయ్యేదే నూర్ ఖాన్ దగ్గరైతే, ముగిసేది ఎక్కడ?

దీనికి తోడు ఒక కొత్త సూత్రం వచ్చింది. ఇకమీదట ఏ ఉగ్రదాడి జరిగినా దాన్ని యుద్ధచర్యగా పరిగణిస్తామని మే 10న ప్రభుత్వ వర్గాలు చెప్పాయి. సైనిక చర్య ముగియలేదు, విరామం ఇచ్చామంతే అని 12న ప్రధాని తన ప్రసంగంలో అన్నారు. వినడానికి గట్టిగా ఉంది. అయితే మాటను అక్షరాలా తీసుకుంటే ఏమవుతుందో ఆలోచించారా? యుద్ధం ఎప్పుడు మొదలవ్వాలన్న నిర్ణయం ఢిల్లీ చేయి దాటిపోతుంది. ఇస్లామాబాద్ చేతిలో కూడా పూర్తిగా ఉండకపోవచ్చు. రెండు దేశాలూ కొట్టుకుచావాలని కోరుకునే ఏ ముఠాకైనా నాలుగు తుపాకులు చాలు. సరయేవోలో ఆ కుర్రవాడి చేతిలో ఉన్నది ఒకే ఒక్క పిస్తోలు.

2025 నవంబరు 10న ఎర్రకోట దగ్గర కారు పేలింది. అది ఉగ్రఘటనేనని కేంద్ర మంత్రివర్గం తీర్మానించింది. విమానాలు మాత్రం లేవలేదు. మంచి పని చేశారు, ఈ విషయంలో ప్రభుత్వాన్ని మెచ్చుకోవడానికి నాకు మొహమాటం లేదు. కానీ ఆ సూత్రం సంగతేమిటి? అమల్లో ఉందా, లేదా? ఉంటే ఢిల్లీ పేలుడుకు ఎందుకు వర్తించలేదు? లేకపోతే అవతలి సైన్యం, మన సైన్యం, మన జనం దేన్ని నమ్మాలి? ఒక దేశం మాట మీద మరో దేశం వేసే అంచనా తప్పినప్పుడే యుద్ధాలు పుడతాయి. ఈ ప్రశ్న మంత్రిని అడగడం దేశద్రోహమెలా అవుతుంది?

పెద్ద యుద్ధాన్ని ఆపే సరంజామా అంతా ఉపన్యాసాలకు పనికిరానంత చప్పటి సరుకు. గల్వాన్ గుర్తుందా? 2020 జూన్ 15 రాత్రి సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్‌బాబుతో కలిపి 20 మంది మన సైనికులు చనిపోయారు. రాళ్లతో, ఇనుప కడ్డీలతో కొట్టుకున్నారు. తుపాకులు దగ్గరే ఉన్నా పేలలేదు. వాస్తవాధీన రేఖకు రెండు కిలోమీటర్ల లోపల కాల్పులు జరపకూడదని 1996లో రెండు దేశాలు రాసుకున్న కాగితమే అందుకు ఒక ముఖ్య కారణం. అంత దారుణంలోనూ ఆ కాగితం పనిచేసింది. పాకిస్తాన్‌తో అలాంటివి ఇంకా కొన్ని ఉన్నాయి. ఒకరి అణు కేంద్రాల మీద ఒకరు దాడి చేయకూడదని 1988లో ఒప్పందం చేసుకున్నారు. ఆ కేంద్రాల జాబితాలను 1992 నుంచి ఏటా జనవరి 1న ఇచ్చిపుచ్చుకుంటున్నారు. క్షిపణి పరీక్షకు ముందు చెప్పుకోవాలని 2005లో ఇంకొకటి చేసుకున్నారు. రెండు సైన్యాల కార్యకలాపాలు చూసే అధికారుల (డీజీఎంఓల) మధ్య 1971 నుంచి హాట్‌లైన్ ఉంది. 2025 మే 10 మధ్యాహ్నం 3.35కి పాకిస్తాన్ డీజీఎంఓ మన డీజీఎంఓకు ఫోన్ చేశారు. సాయంత్రం 5 గంటలకు కాల్పులు ఆపాలని ఒప్పుకున్నారు. ఎవరెన్ని బిరుదులు తగిలించుకున్నా, ఆ రోజు ఒప్పందం కుదిరింది ఆ ఫోన్‌లోనే. రష్యాలో యనుష్కేవిచ్ పగలగొడతానన్నది సరిగ్గా అలాంటిదాన్నే.

మిగతా తీగలు ఏమయ్యాయి? 2019 ఆగస్టు నుంచి రెండు రాజధానుల్లోనూ హైకమిషనర్లు లేరు. 2025 ఏప్రిల్‌లో సైనిక సలహాదారులను కూడా పంపించేశారు. హైకమిషన్ సిబ్బందిని 55 నుంచి 30కి కుదించారు. అణ్వాయుధాలున్న రెండు దేశాలు దాదాపు ఒకే ఒక్క ఫోను మీద ఆధారపడి బతకడం ఎవరి తెలివి? అదైనా వేళకు మోగుతుందా? 2022 మార్చి 9న మన బ్రహ్మోస్ క్షిపణి పొరపాటున లేచి పాకిస్తాన్ లోపల 124 కిలోమీటర్ల దూరాన పడింది. అందులో పేలుడు పదార్థం లేదు, ఎవరూ చనిపోలేదు. పొరపాటు జరిగిందని మన ప్రభుత్వం బహిరంగంగా చెప్పింది రెండు రోజులకు. ముగ్గురు వాయుసేన అధికారులను తొలగించారు. అదే క్షిపణి 2025 మే 9 రాత్రి పొరపాటున లేచి ఉంటే, పొరపాటేనని అవతలివాళ్లు నమ్మేవారా? ఆ రెండు రోజుల ఆలస్యం గురించి సభలో ఎవరైనా గట్టిగా పట్టుకున్నారా?

మీ వైపు నుంచి ఒక బలమైన వాదన ఉంది, దాన్ని దాచను. సభలో మాట్లాడితే శాంతే వస్తుందన్న హామీ లేదు. 1959లో చైనాతో నడిచిన ఉత్తర ప్రత్యుత్తరాలను నెహ్రూ శ్వేతపత్రాలుగా సభ ముందు పెట్టడం మొదలుపెట్టారు. సభ భగ్గుమంది. 1960 ఏప్రిల్‌లో చౌ ఎన్ లై ఢిల్లీ వచ్చేనాటికి నెహ్రూకు అంగుళం కూడా జరిగే చోటు మిగల్లేదు. రెండేళ్లకు యుద్ధం వచ్చింది. అప్పటి సభ్యుల దేశభక్తిని శంకించను, కానీ వాళ్లు అడిగినవి ఎక్కువగా ఎందుకు తగ్గుతున్నావన్న ప్రశ్నలే. సైన్యం దగ్గర చలికోట్లు ఉన్నాయా, ముందుకు వేసిన చౌకీలకు తిండి చేరుతోందా, చైనా తిరిగి కొడితే ఏం చేస్తామన్న ప్రశ్నలకు అంత గొంతు దొరకలేదు. కాబట్టి ఇంకా ఎక్కువ గంటలు ఉపన్యసించండని మిమ్మల్ని వేడుకోవడం లేదు. ఆ రకం ఉపన్యాసాలు టీవీల్లో కావలసినన్ని దొరుకుతున్నాయి.

రహస్యాలు బయటపెట్టమని కూడా అడగడం లేదు. విదేశాంగ, రక్షణ స్థాయీ సంఘాలు తలుపులు వేసుకునే కూర్చుంటాయి. విదేశాంగ కార్యదర్శి 2025 మే 19న అలాంటి సంఘం ముందుకు వచ్చి మాట్లాడారు కూడా. ఆ సంఘాల్లో మీవాళ్లున్నారు. డీజీఎంఓల ఫోను తెగిపోతే రెండో దారి ఏమిటని అక్కడ అడగండి. క్షిపణి పొరపాటున లేస్తే ఎన్ని నిమిషాల్లో అవతలివాళ్లకు చెప్పాలన్న నియమం ఉందా, దాన్ని ఎప్పుడైనా అభ్యాసం చేసి చూశారా అని అడగండి. సింధు ఒప్పందాన్ని ఏ షరతు నెరవేరితే తిరిగి అమలు చేస్తారని అడగండి. షరతు చెప్పని శిక్ష బేరానికి కూడా పనికిరాదు. కార్గిల్ తరువాత సుబ్రహ్మణ్యం సంఘాన్ని వేసి, దాని నివేదికను 2000 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందు పెట్టింది వాజ్‌పేయి ప్రభుత్వమే. ఆ నాలుగు రోజుల మే నెల పోరు మీద అలాంటి నివేదిక ఎందుకు ఉండకూడదో, ఇది మాత్రం బాహాటంగా సభలోనే అడగండి. పాలకపక్షంతో పొత్తులో ఉన్నవారికి ఇది ఇంకా సులువు, మీరు అడిగితే శత్రువుకు వత్తాసు అనే సాహసం ఎవరూ చేయరు.

నక్షత్రపు గుర్తు ప్రశ్నకు 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. వచ్చే సమావేశాల తేదీలు ప్రకటించగానే లెక్క వేసుకోవచ్చు. ముసాయిదా రాసే తీరిక మీ కార్యదర్శులకు లేకపోతే చెప్పండి, రెండు భాషల్లోనూ రాసి పంపుతాను. నోటీసు తిరస్కరిస్తే ఆ తిరస్కరణ కాగితాన్ని మీ నియోజకవర్గంలో చూపించండి. 60 మందిలో ఎవరు, ఏ తేదీన ఇచ్చారో సమావేశాలు ముగిసిన రోజున మీ కార్యాలయాలకు ఉత్తరం రాసి అడుగుతాను.

ఇట్లు
మీ ఓటర్లలో ఒకరు